ఎడమచేతివాటం టేపు

మా తాతయ్య స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద పెట్టి, పిడిని చెవికి ఆనిస్తే చాలు, ఆ ఇంజను ఫ్యాక్టరీలో పుట్టిన రోజు నుంచి చేసిన తప్పులన్నీ వరసగా ఒప్పేసుకుంటుంది. ఆ చెవి ముందు అబద్ధమాడి నెగ్గిన ఇంజను ఇంతవరకు లేదు. ఒకసారి రోడ్డు మీద తన దారిన తాను పోతున్న లారీ కూడా షెడ్డు ముందు ఆగి, ఎవరూ అడక్కుండానే తన గేరుబాక్సు సంగతి చెప్పేసి వెళ్ళింది.

ఇది నా సొంత కల్పన కాదు, మా వీధి వీధంతా చెప్పుకునేదే. లారీని మాత్రం నేను కలిపాను.

షెడ్డుకు ఒక బోర్డు ఉంది. ఎండకు అక్షరాలన్నీ వెలిసిపోయి పసుపుపచ్చ మెరుపు బొమ్మ ఒక్కటే మిగిలింది. బోర్డు లేకపోయినా పరవాలేదు. ఎవరినడిగినా "చెవి మేస్త్రి షెడ్డేనా? అదిగో, ఆ మలుపు తిరగండి" అంటారు. మా తాతయ్య పని కార్ల కరెంటు పని. హారను మోగకపోయినా, దీపం వెలగకపోయినా, బండి స్టార్టు కాకపోయినా ఆయన దగ్గరికే వస్తారు. మనిషి పొడుగు, నడుం కాస్త వంగింది, కళ్ళజోడు కాడ విరిగితే రాగితీగతో కట్టుకున్నాడు. ఎడమచేతివాటం. అన్నం తప్ప అన్నీ ఆ చేత్తోనే.

ఆయనకు దేవుడు రెండు ఇచ్చాడు, పనితనం ఒకటి, నోరు ఒకటి. రెండోది కాస్త ఎక్కువ పోశాడు. ముఖ్యంగా తీగలు అతికే దగ్గర. రెండు తీగలు తెగితే కలిపి మెలేసి, పైన టేపు చుట్టి వదిలేసేవాళ్ళు ఉంటారు. మా తాతయ్యకు అది కనిపిస్తే ఆ పూట షెడ్డులో ఎవరికీ ముద్ద దిగదు. సోల్డరు తగరం కరిగించి పొయ్యాలి, అది ఆరాక టేపు చుట్టాలి, అదీ ఆయన చట్టం. "సోల్డరు లేనిది జాయింటు కాదు, షేక్‌హ్యాండు. ఇవాళ పట్టుకుంటుంది, రేపు వదిలేస్తుంది" అనేవాడు. ఈ మాట నేను ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను. మా ఇంట్లో జోలపాటలు తక్కువ.

పదో తరగతి రెండుసార్లు రాసి, రెండుసార్లూ లెక్కల దగ్గరే బోల్తా కొట్టాక నన్ను కూడా షెడ్డులో కూర్చోబెట్టారు. తాతయ్యకు చూపు తగ్గింది. కారుకు తగిలించే స్కానరు తెరమీద వచ్చేది చదివి పెట్టడానికి ఒక మనిషి కావాలి. నాకు అక్షరాలతో స్నేహం, అంకెలతోనే పేచీ. "కోతీ, ఏమంటుందే అది?" అని అడుగుతాడు. నేను చదువుతాను. "అది అన్నదల్లా నమ్మకు" అంటాడు. మరి చదవమనడం దేనికో.

ఇన్నేళ్ళలో ఆయన స్క్రూడ్రైవరు చెవికి ఆనించగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. వయసు మీదపడి మానేశాడు కాబోలు అనుకునేదాన్ని. పేరు మాత్రం ఉండిపోయింది.

షెడ్డు గోడకు ఒక మేకు, ఆ మేకుకు ఒక బల్బు వేలాడుతుండేది. పాత స్కూటరు సిగ్నల్ బల్బు. దానికి రెండు పొడుగాటి తీగలు, కొసన మొసలి నోళ్ళలాంటి క్లిప్పులు. దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఒకసారి నేను తీసి ఆడుకుంటుంటే, నా మీద ఎప్పుడూ చెయ్యెత్తని తాతయ్య నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ మేకుకు తగిలించాడు. తిట్టలేదు. తిట్టకపోవడానికే నాకు భయం వేసింది.

ఆ బల్బు చేసింది అమ్మమ్మ తమ్ముడు. నాకు చిన్నతాతయ్య.

ఆయన ఒకప్పుడు ఈ షెడ్డులోనే పనిచేసేవాడు. బావా బావమరుదులిద్దరూ ఒక బానెట్టు కింద తలలు దూర్చి ఉంటే అటు పోయేవాళ్ళకు నాలుగు కాళ్ళే కనిపించేవట. నేను పలక పట్టిన ఏడాది ఇద్దరికీ చెడింది. ఆ తర్వాత చిన్నతాతయ్య మా గడప తొక్కలేదు. నీళ్ళ మోటార్లకు తీగ చుట్టే పనిలో చేరాడు. కార్ల వైపు మళ్ళీ చూడలేదు.

అమ్మమ్మ మాత్రం తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్తూనే ఉండేది. తాతయ్యే కారులో తీసుకెళ్ళి, వాళ్ళ సందు మొదట్లో దింపేవాడు. ఆవిడ తిరిగొచ్చేదాకా అక్కడే ఆగేవాడు. ఊరికే కూర్చుంటే బాగుండదని బానెట్టు ఎత్తి, బాగా ఉన్న ఇంజనునే చూస్తూ నిలబడేవాడు. పాపం ఆ కారు. రోగం లేకుండా అన్నిసార్లు పరీక్ష చేయించుకున్న బండి ఇంకోటి ఉండదు. అమ్మమ్మ వచ్చి కూర్చోగానే అడిగేవాడు.

"ఏం పెట్టారు?"

"కాఫీ ఇచ్చారు."

"ఊఁ."

అంతే. ఇంటిదాకా మళ్ళీ మాట ఉండదు. ఆయనతో పాటు కారులోనే ఆగిపోయి, వెనక సీట్లో కూర్చున్న నాకు నవ్వొచ్చేది. వాళ్ళింటి కాఫీలో చక్కెర ఎంతుందో తెలుసుకుని ఈయనేం చేసుకుంటాడో అని. పెద్దయ్యాక గాని తెలియలేదు, ఆయన అడగాలనుకున్నది కాఫీ గురించి కాదని.

గొడవ ఏమిటో అమ్మమ్మ చెప్పింది. ఒక టైలరుగారి కారు వల్ల వచ్చింది. ఆ టైలరు బడిపిల్లల యూనిఫారాలు కుడతాడు. ఒక బూడిదరంగు కారులో అవి వేసుకుని ఊరూరా తిరుగుతాడు. ఆ కారు ఇంజను వేడెక్కితే చాలు, ఎదురుగా పసుపుపచ్చ దీపం వెలిగి, గతుక్కు గతుక్కుమంటూ ఎత్తు ఎక్కలేనని మొరాయించేది.

ఇక్కడ కాస్త ఇంజను సంగతి చెప్పాలి. నాకు అర్థమైనంతే చెబుతాను, అది పెద్ద ఎక్కువేం కాదు. నిద్రపోయేవాడి ఊపిరి వేరు, పరిగెత్తేవాడి ఊపిరి వేరు కదా. ఇంజను కూడా అంతే. అది గాలి పీల్చే తలుపులు నెమ్మదిగా పోయేటప్పుడు ఒక క్షణానికి తెరుచుకోవాలి, వేగంగా పోయేటప్పుడు ఇంకాస్త ముందే తెరుచుకోవాలి. ఆ ముందువెనకలు చూసేది ఇంజనాయిలు. ఆయిలును ఎటు పంపాలో చూసేది వేలంత వాల్వు ఒకటి. ఆ వాల్వు కరెంటుతో నడుస్తుంది. దానికి కరెంటు సరిగ్గా అందకపోతే, పరిగెత్తేవాడు నిద్రపోయేవాడిలా ఊపిరి తీస్తాడు. అందుకే గతుకులు.

అప్పట్లో తాతయ్య కొత్తగా స్కానరు కొన్నాడు. దాన్ని గుడ్డలో చుట్టి, పసిపిల్లలా ఎత్తుకు తిరిగేవాడట. టైలరు కారుకు తగిలిస్తే, తప్పు ఆ వాల్వు దారిలో ఉందని చెప్పింది. తాతయ్య వాల్వు మార్చమన్నాడు. చిన్నతాతయ్య వద్దన్నాడు. వాల్వు బాగానే ఉంది, కరెంటే సరిగ్గా రావట్లేదు, వెనక తీగలు విప్పి చూద్దాం అన్నాడు. "యంత్రం గొప్పదా, నువ్వు గొప్పా?" అని తాతయ్య. చివరికి కొత్త వాల్వు చిన్నతాతయ్యే బిగించాడు. నాలుగు రోజులు తిరక్కుండా టైలరు మళ్ళీ వచ్చాడు. బడి తెరిచే రోజున యూనిఫారాలన్నీ కారులో పెట్టుకుని నడిరోడ్డు మీద ఆగిపోయాడట. షెడ్డు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. తాతయ్య వాల్వుకు తీగలు తగిలించే కనెక్టరు పట్టుకుని ఊపాడు. ఇంజను చక్కబడింది. "ఇదిగో, వీడు క్లిప్పు సరిగ్గా నొక్కి చావలేదు" అన్నాడు అందరి ముందూ. చిన్నతాతయ్య ఆ సాయంత్రం మెళ్ళో తువ్వాలు తీసి దులిపి, మడిచి, భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మమ్మ చెప్పింది ఇంతే. ఆవిడకు షెడ్డు నుంచి ఇంట్లోకి వినిపించింది ఇంతే.

మొన్నటి ఎండాకాలంలో ఆ బూడిదరంగు కారు మళ్ళీ వచ్చింది.

టైలరుగారు ముసలాయన అయిపోయాడు. మెడలో కొలత టేపు మాత్రం అలాగే ఉంది, పుట్టుకతో వచ్చినట్టు. అప్పట్లో ఆ కారు అల్లుడికి ఇచ్చేశాడట. అల్లుడు కొత్తది కొనుక్కుని ఇది మామగారికే తిరిగి ఇచ్చాడు.

"వాల్వు మార్చారు, దాని పక్కన సెన్సారు మార్చారు, ఏవేవో మార్చారు మేస్త్రీ. మారనిది రోగం ఒక్కటే. చలికాలం బాగుంటుంది, ఎండ ముదిరితే మొదలు."

తాతయ్య ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. తర్వాత, "కోతీ, తగిలించు" అన్నాడు.

స్కానరు చెప్పింది నేను చదివాను. మళ్ళీ అదే వాల్వు, అదే దారి. తాతయ్య తలాడించి పని మొదలుపెట్టాడు. ముందు ఆయిలు చూశాడు. ఉంది, శుభ్రంగానే ఉంది. వాల్వు కనెక్టరు ఊడదీసి, మీటరుతో వాల్వు లోపలి తీగచుట్టను కొలిచాడు. నేను అంకె చదివితే "సరిగ్గానే ఉంది" అన్నాడు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ నుంచి నేరుగా ఒక్క క్షణం కరెంటు ఇచ్చాడు. టిక్కుమంది, ఇంజను ఊగి ఆగిపోబోయింది. కరెంటు తీయగానే సర్దుకుంది.

"వాల్వుకు ఏమీ కాలేదు. అది చెప్పిన మాట వింటోంది" అన్నాడు.

"అయితే చెప్పేవాళ్ళదే తప్పన్నమాట" అన్నాను.

"నీ నోటికి కూడా ఒక వాల్వు పెట్టాలి."

తర్వాత తాళం తిప్పి, కనెక్టరులోకి వచ్చే కరెంటు కొలిచాడు. పన్నెండు వోల్టులు చూపించింది మీటరు. రావలసింది అంతే. మామూలుగా అయితే అక్కడితో ఆ తీగ బాగున్నట్టే. నేను కూడా మీటరు మడిచేయబోయాను. తాతయ్య మాత్రం కదల్లేదు. అలా నిలబడి నిలబడి, వెళ్ళి మేకుకున్న బల్బు తీశాడు.

నేను నోరు మూసుకున్నాను. నాకు అది అలవాటు లేని పని.

బల్బు క్లిప్పు ఒకటి కనెక్టరుకు, ఒకటి బ్యాటరీకి తగిలించాడు. మీటరుకు కావలసింది చుక్కంత కరెంటు, ఒక్క పోగు తగులుకుని ఉన్నా అది సంతోషంగా పన్నెండు చూపిస్తుంది. బల్బు అలా కాదు. దానికి కడుపు నిండాలి. బల్బు వెలిగింది, కాని మిణుగురు పురుగులా. తాతయ్య ఎడమచేత్తో తీగల కట్టను మెల్లగా కదిలించాడు. బల్బు భగ్గున వెలిగి మళ్ళీ కునికింది.

"ఇదిగో" అన్నాడు టైలరు. "ఏదో దొరికినట్టుందే."

తాతయ్య చేత్తో తడుముకుంటూ ఇంజను వెనక, ఇనప పట్టీ కిందికి వెళ్ళాడు. పైతొడుగు చీల్చాడు. లోపల ఎర్రతీగ మీద నల్లటేపు చుట్టి ఉంది. ఎప్పటిదో, జిగురు కారి దుమ్ము పట్టి ఉంది. టైలరు కూడా తల దూర్చి చూశాడు. జీవితమంతా దారాలు చుట్టినవాడు, చూడకుండా ఉండగలడా.

"ఇది చుట్టినవాడు ఎడమచేతివాటం మనిషి మేస్త్రీ" అన్నాడు. "చూడు, చుట్టు అటు తిరిగింది. కుడిచేత్తో అయితే ఇటు తిరగాలి. నా దగ్గర ఒకడు ఉండేవాడు, వాడు కట్టిన బొత్తాలు నేను కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి."

ఆయన మామూలుగానే అన్నాడు. ఆయనకు అందులో ఏమీ లేదు.

నేను టేపు కొస చూశాను. చివర లోపలికి మడిచి, చిన్న నాలుకలా వదిలి ఉంది, తర్వాత విప్పేవాడికి పట్టు దొరకడానికి. మా ఇంట్లో పొట్లాలకు కూడా అలాగే ఉంటుంది మడత. మా పుస్తకాల అట్టలకూ అంతే. ఆ మడత ప్రపంచంలో ఇంకెవరూ వెయ్యరు. నేను తాతయ్య మొహం వైపు చూడలేదు. ఎంత కోతినైనా కొన్ని చూడకూడదని నాకు తెలుసు.

ఆయన ఆ నాలుకను పట్టుకుని టేపు విప్పాడు. లోపల రెండు కొసలు మెలేసి ఉన్నాయి. సోల్డరు లేదు. రాగి ఆకుపచ్చగా చిలుమెక్కి, పోగులు విరిగి, రెండో మూడో తగులుకుని ఉన్నాయి.

"ఎలుకలు" అన్నాడు తాతయ్య. "మీ గుడ్డల మూటలకు ఎలుకలు చేరి తీగలు కొరికాయి. గుర్తుందా టైలరుగారూ?"

"అదా. అదెప్పటి మాట. దీపం వెలగకముందు కదా."

"ఆ సాయంత్రం షెడ్డులో కరెంటు లేదు. సోల్డరు కడ్డీ వేడెక్కలేదు. మీరు తొందరపెట్టారు. ఇప్పటికి మెలేసి ఇద్దాం, రేపు తీసుకొస్తే సరిగ్గా చేద్దాం అనుకున్నాను. రేపు మీరు రాలేదు. నేనూ మరిచిపోయాను."

కనెక్టరు ఊపితే ఇంజను ఎందుకు చక్కబడిందో నాకు అప్పుడు అర్థమైంది. క్లిప్పు సరిగ్గానే పడి ఉంది. ఆయన ఊపుకు ఆ వెనక ఎక్కడో మెలిక కదిలి, కాసేపు తగులుకుంది. అది చూసి క్లిప్పుదే తప్పనుకున్నాడు.

"అయితే ఆ రోజు మీ బావమరిది అన్నది..." అని టైలరు మొదలుపెట్టి, తాతయ్యను చూసి ఆపేశాడు. మెడలో కొలత టేపు తీసి చుట్టుకున్నాడు, మళ్ళీ విప్పుకున్నాడు.

తాతయ్య ఆ మెలికను రెండువైపులా కత్తిరించి జేబులో వేసుకున్నాడు. కొత్త తీగ వేసి, సోల్డరు పోసి, టేపు చుట్టాడు. కొస మడవడం కూడా మరిచిపోలేదు. చేతులకు ఇవన్నీ తెలియవు.

ఆ రాత్రి భోజనం దగ్గర ఆ మెలికను తీసి అమ్మమ్మ ముందు పెట్టి, జరిగింది చెప్పాడు. అమ్మమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇంత చిన్నదా" అంది. లేచి వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. ఆ గిన్నెలు అంతకుముందే కడిగినవి.

మర్నాడు నేను ఆయన్ను చిన్నతాతయ్య పనిచేసే చోటికి తీసుకెళ్ళాను. అమ్మమ్మను రమ్మంటే రానంది. "మీరు వెళ్ళండి. నేనొస్తే నా మొహం చూసి సరే అంటాడు. అలా వద్దు" అంది.

అది పొడుగాటి రేకుల గది. గోడల పొడుగునా బల్లలు, బల్లల మీద పొట్ట చీల్చిన మోటార్లు, వాటిలోకి రాగితీగ చుట్టలు దించుతూ మనుషులు. ఒక మూల బాగుచేసిన మోటార్లు తిప్పి చూస్తున్నారు. మనిషి మాట మనిషికి వినపడదు. చిన్నతాతయ్య చివరి బల్ల దగ్గర ఉన్నాడు. తెల్లగా అయిపోయాడు, జుట్టూ మనిషీ కూడా. మమ్మల్ని చూసి చెయ్యి ఆపాడు. లేవలేదు.

"అక్క బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉంది" అన్నాను.

తాతయ్య దారంతా నన్ను ఒక్క మాట కూడా మాట్లాడనివ్వలేదు. ఏం చెప్పాలో లోపల్లోపల కూర్చుకుంటున్నాడు. ఇప్పుడు బల్ల పక్కకు వెళ్ళి, చిన్నతాతయ్య ఎడమ భుజం దగ్గర వంగి, మెల్లగా ఏదో అన్నాడు. పక్కనే ఉన్న నాకే సగం వినపడింది. పెదాలు కదలడం కనిపించింది.

చిన్నతాతయ్య తల తిప్పాడు.

"ఏమన్నావు బావా?"

తాతయ్య మళ్ళీ వంగాడు.

"అటు చెబితే లాభం లేదు బావా. ఆ చెవి పోయింది. ఈ మోటార్ల మధ్య ఇన్నేళ్ళు కూర్చుంటే ఇంకేం మిగులుతుంది. రెండోది కూడా అరకొరే. ఇటొచ్చి గట్టిగా చెప్పు."

తాతయ్య చుట్టూ ఉన్న మనుషులను చూశాడు. ఆయన చెప్పదలచుకున్నది గట్టిగా చెప్పే మాట కాదు. ఆయన జీవితంలో గట్టిగా చెప్పనిదంటూ ఏమీ లేదు, ఇదొక్కటి తప్ప. బల్ల చుట్టూ తిరిగి కుడివైపుకు వెళ్ళాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్, తప్పు నాది" అన్నాడు. సరిగ్గా అప్పుడే మూల తిరుగుతున్న మోటారు ఆపారు. ఆ మాట గదంతా వినపడింది. ఎవరి చెయ్యీ కదల్లేదు. ఇక ఆపుకోవడానికి కూడా లేదు. "టైలరు కారు. జాయింటు నాది. సోల్డరు పెట్టకుండా మెలేసింది నేను. క్లిప్పు నువ్వు సరిగ్గానే నొక్కావు. అందరి ముందూ నిన్ను అన్నాను."

జేబులోంచి ఆ మెలిక తీసి బల్ల మీద పెట్టాడు.

చిన్నతాతయ్య దాన్ని వెలుతురులోకి ఎత్తి చూశాడు.

"ఏ టైలరు?"

"బూడిదరంగు కారు. యూనిఫారాలు..."

"ఆఁ. గుర్తొచ్చింది." మెలికను బల్ల మీద పెట్టాడు. "నేను దీనికి వెళ్ళిపోలేదు బావా. క్లిప్పు నొక్కలేదంటే మాత్రం ఏమైంది. అంతకన్నా పెద్ద మాటలు రోజుకు పది అనేవాడివి."

"మరి దేనికి?"

"వింటున్నాను. టైలరు మళ్ళీ వచ్చిన రోజు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని ఆ వాల్వు వింటున్నాను. టిక్కుటిక్కుమని కొట్టుకుంటూ మధ్యలో తడబడుతోంది, ఆకలితో ఉన్నవాడు మాట్లాడినట్టు. ఎక్కడి నుంచో తెలిసిపోతోంది, ఇంకొక్క నిమిషం వింటే. నువ్వొచ్చి నా చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కున్నావు. 'చాల్లే నీ చెవి నాటకం, పోయి చక్రాలు తుడువు' అన్నావు. అంతా నవ్వారు. నీకు గుర్తులేదా?"

తాతయ్యకు గుర్తులేదు. అది ఆయన మొహంలో స్పష్టంగా కనిపించింది. ఒప్పుకోవడానికి మోసుకొచ్చిన తప్పు ఒకటి, చేసిన తప్పు ఇంకొకటి.

నేను కూడా కొత్త సంగతి ఒకటి తెలుసుకుని నోరు తెరిచి చూస్తున్నాను. ఆ చెవి ఈయనదా? మరి మా వీధి మొత్తం?

"అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు చిన్నతాతయ్య. "నువ్వు సందు మొదట్లో బానెట్టు ఎత్తుకుని నిలబడేవాడివి. మా పైగది కిటికీలోంచి కనిపించేది. బావ కారుకు ఏం జబ్బు చేసిందక్కా అని అడిగేవాణ్ణి. జబ్బు కారుకు కాదులే అనేది అక్క."

మాట్లాడుతూనే ఆయన చెయ్యి సోల్డరు కడ్డీ తీసింది. ఆ మెలికకు పట్టిన చిలుము గీకి, ఒక చుక్క కరిగించి పోశాడు. వెండిలా మెరిసింది. ఊది, చల్లారాక తాతయ్య అరచేతిలో పెట్టాడు. ఇక ఆ ముక్క దేనికీ పనికిరాదు, ఇద్దరికీ తెలుసు.

"షేక్‌హ్యాండు అనేవాడివి కదా దీన్ని" అన్నాడు. నవ్వాడా లేదా చెప్పలేను.

"బల్బు ఇంకా ఉంది" అన్నాడు తాతయ్య. "నీ బల్బు. అదే పట్టించింది."

"మార్చలేదా?"

"అదే బల్బు."

"ఎక్కువ వాడి ఉండవు."

"లేదు. వాడలేదు." మళ్ళీ వంగి, గట్టిగా, కుడిచెవి దగ్గరే, "ఇంటికి రారా" అన్నాడు.

"అక్క వస్తోందిగా" అన్నాడు చిన్నతాతయ్య. తీగచుట్ట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

మేం బయటికి వచ్చేశాం. స్కూటరు మీద తాతయ్య నా వెనక కూర్చున్నాడు. ఇంటిదాకా, ఎక్కడా హారను కొట్టమని గాని, గతుకు చూసుకోమని గాని అనలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మమ్మ మీద పడ్డాడు.

"వాడికి చెవి పోయిందని నాకెందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడైనా అడిగారా? ఏం పెట్టారు అనేగా అడిగేది" అంది అమ్మమ్మ. కసిగా అనలేదు. అన్నం వడ్డించింది. ఆయన తిన్నాడు, ఏం తిన్నాడో ఆయనకు తెలిసి ఉండదు.

ఇది జరిగి కొంతకాలమైంది. చిన్నతాతయ్య మా ఇంటికి రాలేదు. తాతయ్య ఇప్పుడు సందు మొదట్లో ఆగడం లేదు. గేటు దాకా వెళ్తాడు. అక్కడ కారు ఆపి కూర్చుంటాడు, బానెట్టు ఎత్తడు. పైగది కిటికీ ఒక్కోసారి తెరిచి ఉంటుంది. పోయినసారి లోపలి నుంచి కాఫీ వచ్చింది, గేటు దగ్గరికే. చక్కెర ఎక్కువైందని తాతయ్య మాతో అన్నాడు. గ్లాసు మాత్రం అడుగుదాకా ఖాళీ చేశాడు.

షెడ్డులో బల్బు ఇప్పుడు రోజూ పనిచేస్తుంది. తీగ అతికేటప్పుడు మాత్రం ఆయన ఇదివరకటిలా అరవడు. మెలేసి వదిలేసిన జాయింటు కనిపిస్తే, సోల్డరు తీసుకుని తనే వెళ్ళి కూర్చుంటాడు. ఆ నిశ్శబ్దం కన్నా పాత తిట్లే బాగుండేవని అందరం అనుకుంటాం.

ఇదంతా రాసి, మొదటి నుంచి చివరిదాకా ఆయనకు చదివి వినిపించాను. ఎలుకల దగ్గర కళ్ళజోడు తీశాడు. రేకుల గది దగ్గర మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అంతా అయ్యాక ఎలా ఉందని అడిగాను. మెచ్చుకుంటాడని కాదు, కనీసం ఆ లారీ దగ్గరన్నా నవ్వాలి కదా. నవ్వలేదు.

"ఆ మొదట రాసిందంతా కొట్టెయ్ కోతీ. ఆ చెవి నాది కాదు, వాడిది."